మైనరు బాకీ, గార్డియన్ చేతిలో నోటు: కాలదోషం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల చేబదులు దాటిన అప్పు అంటే ఇప్పటికీ ప్రోనోటే. మామిడికాయ ఫ్యాక్టరీకి తోలిన డబ్బు వచ్చినా, ఆవులు అమ్మిన సొమ్ము చేతిలో పడ్డా, ఇంటి మనిషి పోయి ఇన్సూరెన్స్ వచ్చినా, తెలిసినవాళ్లకు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇవ్వడం అలవాటు. పిల్లల వాటా సొమ్ము కూడా ఇలాగే తిరుగుతుంది. బాకీదారు మొహం చాటేసినప్పుడు ఇంట్లో పెద్దలు ఒక మాట అంటారు: "పిల్లోడు మేజరయ్యేదాకా నోటుకేం కాదులే." ఆ మాట కొన్ని నోట్లకు నిజం, కొన్నిటికి కాదు. ఏ నోటు ఏ రకమో చూసుకోవడానికే ఈ ప్రశ్నలు, జవాబులు. ఉదాహరణల్లోని మనుషులు, తేదీలు ఊహించి రాసినవి. చట్టం మాత్రం దావాలకు గడువులు పెట్టే 1963 నాటి లిమిటేషన్ చట్టం. ఆ గడువు దాటి దావా వేసే వీలు పోవడమే కాలదోషం.

మైనరు మేజరయ్యేదాకా నోటుకు కాలదోషం పట్టదంటారు. నిజమేనా?

గడువు లెక్క మొదలైన రోజున ఆ బాకీ అడిగే హక్కు ఎవరిదో ముందు చూడాలి. ఆ రోజున హక్కు మైనరుదే అయితే సెక్షన్ 6 కాపాడుతుంది. మేజరయ్యాక మళ్లీ గడువు దొరుకుతుంది. ఆ రోజున హక్కు పెద్దవాళ్లది, ఆ తర్వాత అది పిల్లల చేతికి వచ్చిందంటే సెక్షన్ 9 అడ్డం వస్తుంది. ఒకసారి తిరగడం మొదలైన మీటరు మధ్యలో ఎవరు ఎక్కినా, ఎవరు దిగినా ఆగదు.

పెద్దలు చెప్పే మాటలో మొదటి సగమే ఉంటుంది. నష్టం జరిగేది రెండో సగం దగ్గర.

మా ఆయన ఇచ్చిన అప్పు. నోటు ఆయన పేరు మీదే ఉంది. ఆయన పోయారు, పిల్లలు చిన్నవాళ్లు. ఇప్పుడు నోటు పిల్లలదే కదా?

పిల్లలదే, మీది కూడా. మీ అత్తగారు ఉంటే ఆవిడకూ వాటా ఉంటుంది. హిందూ వారసత్వ చట్టంలో భార్య, బిడ్డలు, తల్లి అందరూ మొదటి తరగతి వారసులే. అయితే మీరు అడగాల్సింది నోటు ఎవరిదని కాదు, గడువు ఎప్పుడు మొదలైందని.

పలమనేరులో ఒకాయన 12 మార్చి 2023న 3 లక్షలు అప్పిచ్చి నోటు రాయించుకున్నాడనుకుందాం. నోటులో "మీరు కోరినప్పుడు చెల్లించగలవాడను" అని ఉంది. మన దగ్గర రాసే నోట్లు దాదాపు అన్నీ ఇవే. "కోరినప్పుడు" అని ఉంది కాబట్టి కోరిన రోజు నుంచే గడువు లెక్క అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఇలాంటి నోటుకు గడువు నోటు రాసిన తేదీ నుంచే 3 ఏళ్లు. ఆ మనిషి నవంబరు 2024లో చనిపోయాడు, కొడుక్కి తొమ్మిదేళ్లు. ఆ కుర్రాడు మేజరయ్యేది ఎప్పుడో 2033లో. కానీ నోటుకు మాత్రం 12 మార్చి 2026తోనే కాలం చెల్లిపోతుంది. కుర్రాడి వయసుకు ఇక్కడ పనే లేదు. గడువు తండ్రి చేతిలో మొదలైంది, అతని చావుతో ఆగలేదు.

అందుకే భర్త పోయిన ఇంట్లో కర్మకాండలు అయ్యాక మొదట చేయాల్సిన పని బీరువాలో ఉన్న ప్రతి నోటూ బయటికి తీసి తేదీలు చూడటం. బాకీదారు ఇంటికొచ్చి కూర్చుని "అక్కా, పిల్లోడు పెద్దయ్యేటప్పటికి వడ్డీతో సహా వాడి చేతిలోనే పెడతా" అంటే ఆ మాట నిజాయితీగానే అని ఉండొచ్చు. కానీ కాగితం మీద సంతకం లేని మాటకు కోర్టులో విలువ లేదు.

నోటులో ఫలానా తేదీకి చెల్లిస్తానని రాసి ఉండి, ఆ తేదీ తండ్రి పోయిన తర్వాత వస్తే పరిస్థితి వేరు. అప్పుడు గడువు మొదలయ్యే రోజుకు హక్కుదారుల్లో పిల్లలూ ఉంటారు. సెక్షన్ 6, 7 (ఏడు గురించి కింద అన్నదమ్ముల ప్రశ్నలో ఉంది) రెండూ రంగంలోకి వస్తాయి, వాదనకు తావు ఉంటుంది. తావు ఉంది కదా అని ఆగమని మాత్రం చెప్పను. గడువు తేదీ నుంచి 3 ఏళ్లలోపే తల్లి తనకోసం, పిల్లల తరఫున కలిపి దావా వేసేస్తే ఆ వాదన అవసరమే రాదు.

సక్సెషన్ సర్టిఫికెట్ రాకుండా దావా వేయలేమన్నారు. అది వచ్చేలోపు గడువు దాటిపోతే?

చనిపోయిన మనిషికి రావలసిన బాకీ మీద సక్సెషన్ సర్టిఫికెట్ (ఆ బాకీ వసూలు చేసుకునే హక్కు ఫలానావాళ్లదని కోర్టు ఇచ్చే కాగితం) లేకుండా కోర్టు డిక్రీ, అంటే తీర్పు ఉత్తర్వు, ఇవ్వదు. భారత వారసత్వ చట్టం సెక్షన్ 214 చెప్పేది అదే. దావా వేయడానికి మాత్రం సర్టిఫికెట్ చేతిలో ఉండాల్సిన పని లేదు. ముందు దావా వేసి, డిక్రీ అయ్యేలోపు సర్టిఫికెట్ తెచ్చి దాఖలు చేయవచ్చు. సర్టిఫికెట్ కోసం తిరిగిన కాలాన్ని గడువులోంచి తీసేయరు. రెండు పనులూ ఒకేసారి మొదలుపెట్టండి.

నోటు "పిల్లవాడి పేరిట" ఉందని ఎలా తెలుస్తుంది? డబ్బు వాడిదే కానీ నోటు నా పేరు మీద రాయించాను.

నోటు మొదటి రెండు వరుసలు చదవండి. "మైనరు చి. ఫలానా, గార్డియను తల్లి శ్రీమతి ఫలానా గారికి వ్రాసి ఇచ్చిన ప్రామిసరీ నోటు" అని ఉంటే అది పిల్లవాడి నోటు. రాసిన రోజే గడువు మొదలైనా, ఆ రోజుకు హక్కుదారు మైనరు కాబట్టి సెక్షన్ 6 పనిచేస్తుంది.

"శ్రీమతి ఫలానా గారికి" అని మాత్రమే ఉంటే, డబ్బు ఎవరిదైనా, నోటు మీదే. నోటు మీద దావా వేసే హక్కు నోటులో పేరున్నవారిది. మీరు మేజరు కాబట్టి 3 ఏళ్లే. "ఇది నిజానికి మా అబ్బాయి యాక్సిడెంట్ పరిహారం డబ్బు" అని తర్వాత చెప్పుకుంటే నోటు గడువు పెరగదు. పైగా ఆ డబ్బు పోతే, పెద్దయ్యాక అబ్బాయి లెక్క అడగాల్సింది మిమ్మల్నే.

నోటు రాసేవాళ్లకు ఈ తేడా పెద్దగా పట్టదు. ఎదురుగా కూర్చున్నది తల్లి కాబట్టి తల్లి పేరు రాసేస్తారు. పిల్లల సొమ్ము అప్పిస్తుంటే ఆ ఒక్క వరుస దగ్గరుండి రాయించుకోండి.

మైనరు చేసుకున్న కాంట్రాక్టు చెల్లదు కదా? మరి మైనరు పేరిట రాసిన నోటు చెల్లుతుందా?

చెల్లుతుంది. 1903లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మన దేశానికి చివరి అప్పీలు కోర్టు) మొహరీ బీబీ కేసులో చెప్పింది మైనరు మీద బాధ్యత వేసే కాంట్రాక్టు గురించి. మైనరు సొమ్ము తీసుకున్న పెద్దమనిషి "ఇచ్చింది మైనరు కాబట్టి తిరిగి ఇవ్వను" అనడానికి అది పనికిరాదు. అయినా ప్రతివాదుల జవాబుల్లో ఈ వాదన ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది.

సరే, నోటు పిల్లవాడిదే. మేజరయ్యాక ఎంత గడువు ఉంటుంది?

మామూలుగా ఆ దావాకు ఎంత గడువో, మేజరయ్యాక మళ్లీ అంతే. సెక్షన్ 8 దీనికి ఒక పరిమితి పెట్టింది: ఈ వెసులుబాటు మేజరయ్యాక 3 ఏళ్లు దాటదు. ప్రోనోటుకు మామూలు గడువే 3 ఏళ్లు కాబట్టి లెక్క తేలిక, 21 నిండేలోపు.

10 జులై 2006న పుట్టిన అమ్మాయి 10 జులై 2024 మొదలవగానే మేజరు. 3 ఏళ్ల గడువు 10 జులై 2027తో ముగుస్తుంది. ఆ రోజు రెండో శనివారం, మర్నాడు ఆదివారం. కోర్టు మూసి ఉన్న రోజున గడువు ముగిస్తే తెరిచిన రోజున దాఖలు చేయవచ్చని సెక్షన్ 4 అంటోంది కాబట్టి సోమవారం 12న వేసినా నిలుస్తుంది. అంతదాకా లాగి, ఆ రోజు కోర్టు ఫీజు తక్కువైందని కాగితాలు వెనక్కి వస్తే ఆ టెన్షన్ ఎవరు పడతారు?

తాకట్టు బాకీ లెక్క వేరు. స్థిరాస్తి తాకట్టు మీద ఇచ్చిన డబ్బుకు మామూలు గడువు 12 ఏళ్లు. పిల్లవాడికి నాలుగేళ్లప్పుడు బాకీ గడువుకొస్తే 12 ఏళ్లు వాడి పదహారో ఏటే అయిపోతాయి. సెక్షన్ 6, 8 కలిసి 21 దాకా తీసుకెళ్తాయి. పదేళ్లప్పుడు గడువుకొస్తే మామూలు 12 ఏళ్లే 22 దాకా వస్తాయి, ఆ 22 వర్తిస్తుంది. సెక్షన్ 8 ఉన్న గడువును కోసేయదు, అదనంగా ఇచ్చేదానికే పరిమితి పెడుతుంది. రెండు తేదీల్లో ఏది తర్వాత వస్తే అది తీసుకోండి.

అందరికీ మేజరయ్యాక 3 ఏళ్లు అనుకోవడం కూడా సరికాదు. పరువునష్టం లాంటి దావాకు మామూలు గడువు ఏడాదే, మేజరయ్యాక దొరికేదీ ఏడాదే.

గార్డియన్ ఉన్నాడు, అప్పుడే దావా వేయొచ్చు, వేయలేదు. బాకీదారు దాన్ని ఎత్తిచూపితే?

ఎత్తిచూపనివ్వండి. గార్డియన్ ఉండటం, దావా వేసే వీలుండటం, వేయకపోవడం, ఇవేవీ మైనరుకు చట్టం ఇచ్చిన గడువును తగ్గించవు. హక్కు మైనరుది, గార్డియన్ నిద్ర మైనరు నెత్తిన పడదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. నోటు రాసి ఐదేళ్లయింది, పిల్లవాడికి పదమూడేళ్లు. మేజరయ్యేదాకా ఆగాలా? అక్కర్లేదు. మైనరు మైనరుగా ఉన్నంతకాలం ఎప్పుడైనా నెక్స్ట్ ఫ్రెండ్ (మైనరు తరఫున దావా నడిపే మనిషి) ద్వారా దావా వేయవచ్చు. నెక్స్ట్ ఫ్రెండ్ తల్లిదండ్రులే కానక్కర్లేదు. మేజరై, మతి స్థిమితం ఉండి, మైనరుతో ప్రయోజనాల గొడవ లేనివాళ్లు ఎవరైనా కావచ్చు. కోర్టు ముందే ఒక గార్డియన్‌ను నియమించి ఉంటే మాత్రం వేరేవాళ్లు రావడానికి కోర్టు అనుమతి కావాలి.

ఆగకపోవడమే మంచిది. చట్టం 21 దాకా ఆగుతుంది సరే, సాక్షులు ఆగుతారా? నోటు మీద సాక్షి సంతకం పెట్టిన పెద్దాయన అప్పటికి ఉండకపోవచ్చు, బాకీదారు ఉన్న రెండెకరాలూ అమ్మేసి బెంగళూరు చేరిపోవచ్చు. డిక్రీ గోడకు తగిలించుకోవాల్సి వస్తుంది.

దావా నడుస్తుండగా పిల్లవాడు మేజరైతే?

కొనసాగించాలా వద్దా అన్నది అతని ఇష్టం. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32 రూల్ 12 ప్రకారం తానే వాదినని కోర్టుకు చెప్పి, నెక్స్ట్ ఫ్రెండ్‌ను తప్పించి, తన పేరు మీదే నడుపుకోవచ్చు.

బాకీదారు "మీ అమ్మకే ఇచ్చేశాను" అంటున్నాడు. నాకు పైసా అందలేదు. ఇప్పుడు నేను దావా వేయొచ్చా?

ఎవరికి ఇచ్చాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

చట్టం ఒప్పుకున్న గార్డియన్‌కు నిజంగానే చెల్లించి ఉంటే బాకీ తీరినట్టే. హిందువుల్లో ఆ గార్డియన్ తండ్రి, ఆయన తర్వాత తల్లి. "తర్వాత" అంటే తండ్రి చచ్చిపోయాకే అని కాదు, ఆయన పట్టించుకోకుండా ఉన్నప్పుడు కూడా అని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అమ్మ తీసుకుని మీకు ఇవ్వకపోతే అది మీకూ అమ్మకూ మధ్య లెక్క. ఎన్ని ఇళ్లలో ఆ డబ్బు పిల్లల ఫీజులకూ అద్దెలకూ అయిపోయి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. లెక్క అడిగేముందు ఆ సంగతి కూడా చూసుకోండి.

తాతో, మేనమామో, చిన్నాన్నో తీసుకుని ఉంటే కథ మారుతుంది. పిల్లవాడిని పెంచినంత మాత్రాన వాళ్లకు అతని ఆస్తి మీద అధికారం రాదు. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956లోని సెక్షన్ 11 ఆ దారి మూసేసింది. అలాంటివాళ్లకు చెల్లించిన బాకీదారు, ఆ డబ్బు నిజంగా పిల్లవాడికి చేరిందని చూపించలేకపోతే, మళ్లీ చెల్లించాల్సి రావచ్చు. ముస్లిం కుటుంబాల్లో ఇంకో మెలిక ఉంది. ఆస్తి విషయంలో చట్టబద్ధ గార్డియన్లు తండ్రి, తాత (తండ్రి తండ్రి), లేదా వాళ్లు విల్లులో నియమించినవాళ్లు. తల్లికి పిల్లల పోషణ హక్కు ఉన్నా ఆస్తి గార్డియన్ కావాలంటే కోర్టు నియామకం కావాలి.

దావా వేశాక, డిక్రీ అయ్యాక అయితే ఇంకా గట్టి కట్టడి. ఆర్డర్ 32 రూల్ 6 ప్రకారం మైనరుకు రావలసిన డబ్బును నెక్స్ట్ ఫ్రెండ్ కోర్టు అనుమతి లేకుండా తీసుకోకూడదు. బాకీదారు కోర్టు బయట టీ అంగట్లో కూర్చోబెట్టి తల్లి చేతిలో డబ్బు పెట్టి రసీదు రాయించుకుంటే, ఆ రసీదును నమ్ముకోవడం అతనికే ప్రమాదం.

ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని "అసలు ఇస్తే చాలు, వడ్డీ వదిలేయండి" అని తెంపేశారు. గార్డియన్ సంతకం పెట్టింది. పిల్లవాడు దానికి కట్టుబడాలా?

దావా లేనప్పుడు జరిగితే, ఆ రాజీ పిల్లవాడి మేలుకోసమేనా అన్నది చూస్తారు. బాకీదారు దివాలా తీసే స్థితిలో ఉండి అసలైనా రాబట్టుకున్న తల్లి తప్పు చేసినట్టు కాదు. బాకీదారు ఆమె అన్న అయి, మొహమాటానికి లక్షల వడ్డీ వదిలేస్తే అది నిలబడటం కష్టం.

దావా నడుస్తుంటే కోర్టు అనుమతి లేకుండా రాజీ పడకూడదు, ఆర్డర్ 32 రూల్ 7. అనుమతి లేని రాజీని మైనరు కాదనవచ్చు, ఎదుటివాళ్లు కాదనలేరు. లోక్ అదాలత్‌లో రాజీ అయినా కేసులో మైనరు ఉన్నాడని ముందే చెప్పి ఆ అనుమతి తీసుకోండి.

గార్డియనే బాకీదారైతే? మా చిన్నాన్న మా నాన్న డబ్బు వాడుకున్నాడు, మమ్మల్ని పెంచిందీ ఆయనే.

అన్నిటికంటే చిక్కు ఇక్కడే. ఆయన తన మీద తాను దావా వేయడు. ఇంట్లో ఇంకెవరూ నోరెత్తరు, అన్నం పెడుతున్న చెయ్యి కదా.

మొదట, ఆయనకు ప్రయోజనాల గొడవ ఉంది కాబట్టి ఆయన మీ నెక్స్ట్ ఫ్రెండ్ కాలేడు. అమ్మమ్మ, మేనత్త, తెలిసిన టీచరు, ఎవరైనా మీ తరఫున రావచ్చు.

తర్వాత గడువు. డబ్బు మీ పేరిటే ఉండి, మీరు మైనరుగా ఉన్నప్పుడు తీసుకుని ఉంటే సెక్షన్ 6 మీకుంది, 21 నిండేలోపు వేయండి. నాన్న బతికుండగానే నాన్న దగ్గర తీసుకున్న అప్పయితే పైన పలమనేరు నోటుకు చెప్పిందే దీనికీ. తండ్రి చేతిలో మొదలైన గడువు మీకోసం ఆగి ఉండదు.

"ఆయన ట్రస్టీ లాంటివాడు, ట్రస్టీ మీద గడువే లేదు" అని కొందరు సెక్షన్ 10 చూపిస్తారు. ఆ సెక్షన్ ఒక నిర్దిష్ట పనికోసం ఆస్తిని ట్రస్టుగా అప్పగించిన చోటికే. ఇంట్లో పెంచిన ప్రతి చిన్నాన్నా ఆ లెక్కలోకి రాడు, దాన్ని నమ్ముకుని కాలం గడపొద్దు. నోటు దాచేసి, లెక్కలు మార్చి మోసం చేసి ఉంటే సెక్షన్ 17 పనికొస్తుంది. మోసం తెలిసిన రోజు నుంచి, లేదా కాస్త శ్రద్ధ పెడితే తెలిసి ఉండేది అన్న రోజు నుంచి లెక్క. ఎప్పుడు, ఎలా తెలిసిందో రుజువు చేయాల్సింది మీరే. అందుకే ఆ కాగితం దొరికిన రోజే ఫొటో తీసి పెట్టుకోండి.

కోర్టు నియమించిన గార్డియన్ అయితే మీ పని తేలిక. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు అడిగితే ఆయన ఆస్తి జాబితా, లెక్కలు దాఖలు చేయాలి. ఆ ఫైలు నకలు తీసుకుంటే సగం సాక్ష్యం చేతికొచ్చినట్టే.

అన్న మేజరు, తమ్ముడు మైనరు, నోటు ఇద్దరిదీ. తమ్ముడి పేరు చెప్పి గడువు దక్కించుకోవచ్చా?

సెక్షన్ 7 దీనికోసమే ఉంది. మైనరు ప్రమేయం లేకుండా బాకీ తీరిందని చెల్లు రాసివ్వగల మేజరు ఒకరుంటే, గడువు అందరి మీదా నడుస్తుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిని అన్న మేనేజరుగా చూసుకుంటుంటే అతను చెల్లు ఇవ్వగలడు, కాబట్టి తమ్ముడికీ 3 ఏళ్లే. మేనేజరు అన్న పేరుంటే చాలదు, నిజంగా ఆస్తి అతని చేతిలో నడుస్తుండాలి.

ఇద్దరి పేర్లూ కలిపి రాసిన నోటు అయితే, అలాంటి నోటు మీద ఒకరు ఇచ్చిన చెల్లు చాలని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ వందేళ్ల కిందటే అంది. చిత్తూరు అప్పట్లో ఆ హైకోర్టు కిందే ఉండేది. కాబట్టి తమ్ముడి మైనారిటీ మీద ఆశ పెట్టుకోకుండా అన్న గడువులోపు కదలడమే క్షేమం.

నోటు తిరగరాయిస్తే, వడ్డీ చెల్లు వేయిస్తే (కట్టిన వడ్డీని నోటు వెనక రాయిస్తే) గడువు పెరుగుతుందా?

పెరుగుతుంది, గడువు ఇంకా ఉండగా చేస్తేనే. తిరగరాస్తే కొత్త నోటు, కొత్త 3 ఏళ్లు. బాకీ ఉన్నానని రాసి సంతకం పెట్టినా ఆ తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు. తండ్రి నోటు విషయంలో తల్లి చేయగలిగే అతి సులువైన పని ఇదే. మూడో ఏడు నిండకముందే బాకీదారును పిలిచి, పిల్లవాడి పేరు, తన పేరు గార్డియన్‌గా వేయించి నోటు తిరగరాయించుకోవడం. అప్పుడు అది పిల్లవాడి సొంత నోటు అవుతుంది.

చెల్లు దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది సంతకం విషయంలో. నోటు వెనక "వడ్డీ కింద రూ. 10,000 చెల్లు" అని అప్పిచ్చినవాళ్లే రాసుకుని ఊరుకుంటారు. ఆ చెల్లు బాకీదారు చేతిరాతలో ఉండాలి, లేదా దాని కింద అతని సంతకం ఉండాలి. మీ రాతలో పది చెల్లులున్నా గడువు ఒక్కరోజు కూడా కదలదు.

కాలదోషం పట్టాక కూడా బాకీదారు తీర్చేస్తానని రాసి సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25 ప్రకారం అది కొత్త వాగ్దానం. పెట్టేవాళ్లు అరుదు.

మైనరు తరఫున గార్డియన్ అప్పు తీసుకుంటే?

పిల్లవాడి మీద వ్యక్తిగతంగా డిక్రీ రాదు. తిండికీ చదువుకూ వైద్యానికీ అయిన ఖర్చయితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 68 కింద వాడి ఆస్తి నుంచి రాబట్టుకోవచ్చు. చట్టబద్ధ గార్డియన్ పెట్టిన సంతకం సెక్షన్ 20 ప్రకారం గడువును పొడిగిస్తుంది కూడా. మేనమామ సంతకానికి ఆ బలం లేదు. అప్పిచ్చినవాడికి మాత్రం "బాకీదారు మైనరు" అని అదనపు గడువేమీ దొరకదు.

గార్డియన్ బాకీ తీర్చడానికి పిల్లవాడి పొలమే అమ్మేసింది. దానికి గడువెంత?

కోర్టు అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకాన్ని పిల్లవాడు కాదనవచ్చు. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 60 ప్రకారం మేజరయ్యాక 3 ఏళ్లలోపు రద్దు కోరాలి. ఆ 3 ఏళ్లు దాటితే "అనుమతి లేదు కాబట్టి అమ్మకమే చెల్లదు" అంటూ వచ్చిన దావాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడాయి, 2019లో మురుగన్ కేసు అలాంటిదే.

పిల్లవాడి పేరిట బ్యాంకులో వేసిన డిపాజిట్‌కు కూడా ఇదే భయమా?

అంత భయం లేదు. డిపాజిట్ సొమ్ముకు గడువు అడిగిన రోజు నుంచి లెక్క, వేసిన రోజు నుంచి కాదు. పదేళ్లు కదలిక లేని ఖాతా సొమ్ము రిజర్వ్ బ్యాంకు నిధికి పోతుంది గానీ బ్యాంకులో అడిగి తెచ్చుకోవచ్చు. యాక్సిడెంట్ కేసుల్లో ట్రిబ్యునల్ మైనరు పేరిట వేయించిన డిపాజిట్ అయితే, మేజరయ్యాక ట్రిబ్యునల్‌లోనే అర్జీ పెట్టుకోవాలి.

వయసు రుజువుకు ఏది తీసుకెళ్లాలి?

పుట్టిన తేదీ సర్టిఫికెట్, అది లేకపోతే పదో తరగతి సర్టిఫికెట్. ఆధార్ పుట్టిన తేదీకి రుజువుగా నిలవదు, 2024లో సుప్రీంకోర్టు కూడా ఆధార్ కంటే స్కూలు సర్టిఫికెట్‌కే విలువ ఇచ్చింది. పల్లెల్లో బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన జూన్ తేదీ ఒకటి, ఆసుపత్రి తేదీ ఇంకొకటి ఉండటం మామూలే. అలాంటప్పుడు రెండిట్లో ముందు వచ్చే తేదీతో గడువు లెక్కేసుకుని దావా వేయండి.

కరోనా కాలం గడువులోంచి తీసేస్తారా?

15 మార్చి 2020 నుంచి 28 ఫిబ్రవరి 2022 దాకా ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు మినహాయించింది. ఆ కాలంలో గడువు నడుస్తున్న నోట్లకూ, మేజరయ్యాక నడుస్తున్న 3 ఏళ్లకూ లెక్క మారుతుంది. పాత నోటు పారేసేముందు వకీలుకు ఒకసారి చూపించండి.

గడువు కొన్ని రోజులే దాటింది. ఆలస్యానికి కారణం చెప్పి మన్నించమంటే?

దావాలకు ఆ వీలు లేదు. సెక్షన్ 5 అప్పీళ్లకూ, కొన్ని దరఖాస్తులకే. బాకీదారు ఆ మాట ఎత్తకపోయినా కాలం చెల్లిన దావాను కోర్టే కొట్టేయాలని సెక్షన్ 3 అంటోంది. లీగల్ నోటీసు పంపినా, పెద్దమనుషుల్లో పెట్టినా, పోలీస్ స్టేషన్‌లో మాట్లాడినా గడువు ఆగదు.

వకీలు ఫీజుకు డబ్బు లేదు. ఏం చేయాలి?

మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12. చిత్తూరులోనో తిరుపతిలోనో కోర్టుకు వెళ్లి న్యాయ సేవా సంస్థ ఎక్కడని అడిగితే చూపిస్తారు, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. వెళ్లేటప్పుడు అసలు నోటు, దాని వెనక పేజీ కూడా కనబడేలా జిరాక్సు, పిల్లవాడి వయసు కాగితం, చనిపోయినవాళ్లు ఉంటే మరణ ధ్రువపత్రం, బాకీదారు ఇప్పుడు ఉంటున్న చిరునామా తీసుకెళ్లండి. నోటు తేదీకి మూడేళ్లు నిండటానికి నెల కంటే తక్కువ ఉంటే ఆ సంగతి కౌంటర్ దగ్గరే ముందుగా చెప్పండి.